అత్తయ్యగారు కోసెయ్యకముందే

మందార పువ్వు ఒక్కరోజే ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. మా మేడ మీద అంత కూడా ఉండదు. తెల్లవారుతుండగా విచ్చుకుంటుంది, ఆరుంబావు అయ్యేసరికి మా అత్తయ్యగారి పూలసజ్జలో ఉంటుంది. ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పులని వంటింట్లోకి రావడం తగ్గించారు గానీ, పూల కోసం ఇరవై రెండు మెట్లు ఎక్కడం మాత్రం మానలేదు. మూడేళ్లుగా మందారాలని దగ్గర నుంచి ఫొటోలు తీసే నా పిచ్చి అంతా ఆవిడ పైకి వచ్చేలోపు దొరికే ఆ అరగంటలోనే నడుస్తోంది.

నేను రాజమండ్రిలో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కెమెరా మా తమ్ముడు వాడి వదిలేసిన కెనాన్ 700డి. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు మాత్రం నా డబ్బుతో కొన్నాను. బాగా దగ్గర నుంచి తీయడానికే చేసిన అసలైన మాక్రో లెన్సు ధర చూసి, మేడ మీద కుండీల్లో పూలు తీయడానికి ఇంతా అని మనసొప్పక, ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో సరిపెట్టుకున్నాను. అవి లోపల గాజు ఏమీ లేని ఖాళీ గొట్టాలు. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగిస్తే లెన్సు ముందుకు జరుగుతుంది, దాంతో పువ్వుకి ఇంకా దగ్గరగా వెళ్లి ఫోకస్ చేయొచ్చు. లెక్క కూడా తేలికే. 20 ఎంఎం గొట్టాన్ని 50 ఎంఎం లెన్సుతో భాగిస్తే 0.4, అంటే గొట్టం వల్ల బొమ్మ అసలు సైజులో 0.4 వంతు వస్తుంది. లెన్సుకి సొంతంగా ఉన్న కాస్తా కలుపుకుంటే పువ్వు అసలు సైజులో సగం దాకా సెన్సర్ మీద, అంటే కెమెరాలో బొమ్మ పడే పలక మీద పడుతుంది.

మొదట కొన్నవి బాగా చవక గొట్టాలు. వాటిలో కరెంటు కాంటాక్టులు లేవు. కెనాన్ లెన్సులో అపెర్చర్, అంటే వెలుగు వచ్చే కన్నం, మూసుకోవాలంటే కెమెరా నుంచి కరెంటు సంకేతం అందాలి. అది అందకపోతే కన్నం ఎఫ్ 1.8 దగ్గరే బార్లా తెరుచుకుని ఉండిపోతుంది (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది). ఈ సంగతి నాకు తెలీదు. రెండు నెలల పాటు తీసిన ఫొటోలన్నీ పాలు ఒలికినట్టు వచ్చాయి. చేయి వణుకుతోందేమో అనుకున్నాను. కళ్లజోడు నంబరు మారిందేమోనని కళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. నంబరు మారలేదు.

చివరికి తేల్చింది మా అబ్బాయి జామెట్రీ బాక్సు. అందులోంచి ప్లాస్టిక్ స్కేలు తీసి, తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకానికి ఆనించి, నలభై ఐదు డిగ్రీల ఏటవాలుగా నిలబెట్టాను. ఏడో సెంటీమీటరు గీత మీద ఫోకస్ పెట్టి ఫొటో తీశాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఆ గీత ఒక్కటే సన్నగా, నల్లగా ఉంది. దాని పక్క మిల్లీమీటరు గీత అప్పుడే పొగలా కరిగిపోయింది. తర్వాత కాంటాక్టులున్న గొట్టాలు తెప్పించి అదే స్కేలుని మళ్లీ తీశాను. ఎఫ్ 8 దగ్గర దాదాపు మూడు గీతలు తేరాయి. ఎఫ్ 16 దగ్గర ఐదు. కానీ ఆ ఐదూ ఎఫ్ 8 గీతలంత పదునుగా లేవు. కన్నం మరీ చిన్నదైతే కాంతి దాని అంచుల దగ్గర చెదిరి, బొమ్మ మొత్తం కాస్త మెత్తబడుతుంది. పైగా స్కేలు ఏటవాలుగా ఉంది కదా, అసలు లోతు కావాలంటే గీతల లెక్కని రూట్ రెండుతో భాగించాలి. అంటే ఎఫ్ 8 దగ్గర నా చేతిలో ఉన్న పదును రెండు మిల్లీమీటర్లు. కందిపప్పు బద్ద మందం.

పువ్వుల ఫొటోలు సరిగ్గా రావడం లేదని ఎవరు నన్ను అడిగినా ముందు ఈ స్కేలు పరీక్ష చేయమంటాను. కెమెరా ఏదైనా సరే, నీ దగ్గరున్న మందం ఎంతో ఒకసారి కంటితో చూశాక ఫొటో తీసే పద్ధతే మారిపోతుంది. అంతకుముందు నేను పువ్వుకి ఫోకస్ పెట్టేదాన్ని. ఇప్పుడు ఆ పప్పుబద్దని పువ్వులో ఎక్కడ పెట్టాలా అని చూస్తాను.

మందారమే తీసుకోండి. ముద్ద మందారం కాదు, ఐదు రేకుల ఒంటి మందారం. మధ్యలోంచి వేలెడు పొడుగున ఒక కాడ బయటికొస్తుంది. కాడ చివర భాగం చుట్టూ పసుపు పుప్పొడి మోసే కేసరాలు, కొసన ఐదు ఎర్రటి గుండ్లు. అది కీలాగ్రం అని పిల్లలకి బయాలజీ టీచరు చెబుతారు. దగ్గరగా చూస్తే ఆ గుండ్లు వెల్వెట్ గుడ్డ తొడిగిన గుండుసూదుల్లా ఉంటాయి, సన్నటి నూగుతో. ఆ నూగులో ఒక్కోసారి పుప్పొడి రేణువు చిక్కుకుని ఉంటుంది. మందారం పుప్పొడి పెద్దది, కంటికే నలుసులా ఆనుతుంది. మొదట్లో అందరిలాగే నేనూ దీన్ని ఎదురుగా నిలబడి తీసేదాన్ని. ఆ కాడేమో తిన్నగా లెన్సు మీదికి వస్తుంది. ఆరేడు సెంటీమీటర్ల కాడకి రెండు మిల్లీమీటర్ల పదును ఏ మూలకి? గుండ్లు తేరితే రేకులు పోయేవి, రేకులు తేరితే మధ్యలో పచ్చటి మసక ముద్ద మిగిలేది.

పక్కకి జరిగి, కాడ మొత్తం లెన్సుకి అడ్డంగా వచ్చేలా కూర్చున్న రోజు పని జరిగింది. కాడ మొదలు, కేసరాలు, కొసన గుండ్లు అన్నీ కెమెరా నుంచి ఒకే దూరంలోకి వచ్చాయి. అవే రెండు మిల్లీమీటర్లు, అదే ఎఫ్ 8. ఫొటోలో మాత్రం ఆ కాడ ఈ కొస నుంచి ఆ కొస దాకా గీసినట్టు వచ్చింది, వెనక రేకులు ఎర్రటి పరదాలా ఒదిగిపోయాయి. కెమెరా వీపుకి సమాంతరంగా ఏది ఉంటే అదే తేరుతుంది. జామెట్రీ చెప్పే మనిషికి ఇది తట్టడానికి ఏడాది పట్టిందంటే మా పిల్లల ముందు చెప్పుకోలేను.

అత్తయ్యగారి సంగతికొస్తాను. ఒకసారి చామంతుల ఫొటో ఒకటి ప్రింటు తీయించి ఆవిడ చేతికిచ్చాను. ఏడు పువ్వులు, మూడు మొగ్గలు, ఆకులు, వెనక కుండీ అంచు. కళ్లజోడు పెట్టుకుని, కాస్త దూరం పెట్టి, మళ్లీ దగ్గరకి తెచ్చుకుని చాలాసేపు చూశారు.

"అన్నీ బానే ఉన్నాయి గానీ, ఇందులో ఏది చూడాలమ్మా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మర్నాడు మళ్లీ చూస్తే ఆవిడ అన్నదే నిజం. కన్ను ఎక్కడా ఆగడం లేదు. అప్పటినుంచి క్లిక్కు నొక్కే ముందు ఆవిడ గొంతుతోనే నన్ను నేను అడుగుతాను, ఏది చూడాలమ్మా అని. చామంతిలో అయితే నాకిప్పుడు పువ్వంతా అక్కర్లేదు. నడిమధ్య ఇంకా విచ్చుకోని చిన్న చిన్న రేకులు లోపలికి ముడుచుకుని ఉంటాయి చూడండి, పసిపిల్లల గుప్పిళ్లలా, అది చాలు. పువ్వుని ఫ్రేములో సగానికి కోసేసినా ఎవరూ తప్పు పట్టరు. కోస్తే తెగేసి కోయాలి. రేకు కొన వెంట్రుకవాసి తెగితే మాత్రం చేతకాక తెగినట్టు కనిపిస్తుంది.

ఆవిడ పట్టిన ఇంకో తప్పు బట్టల క్లిప్పు. నందివర్ధనం ఫొటోలో కుడివైపు పైమూల చిటికెన గోరంత నీలం చుక్క. "ఇదేంటి, నీలం పురుగా?" అన్నారు. దండెం మీది ప్లాస్టిక్ క్లిప్పు. పువ్వు మీదే ధ్యాస పెట్టి తీసేటప్పుడు ఇలాంటివి మన కంటికి ఆనవు. ఇప్పుడు ఫోకస్ కుదిరాక ఒకసారి ఫ్రేము నాలుగు అంచుల వెంట ప్రదక్షిణం చేసినట్టు చూపు తిప్పి వస్తాను. ఎండు ఆకు తుంచాల్సి ఉంటే తుంచుతాను, సాలీడు పోగుంటే చీపురు పుల్లతో తీస్తాను.

వెనకాల ఏముండాలి అన్నదానికి మా మేడ మీద దొరికిన గొప్ప పరికరం నల్ల నీళ్ల ట్యాంకు. పొద్దున్న ట్యాంకు ఇటువైపు నీడలో ఉంటుంది, దాని ముందు ఐదారు అడుగుల దూరంలో కుండీ పెడితే తూర్పు వెలుగు పువ్వు మీద పడుతుంది. పువ్వుకి సరిపడా ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి తీసుకునే వెలుగు, పెట్టేసరికి ట్యాంకు పూర్తిగా చీకటైపోతుంది. చూసినవాళ్లు స్టూడియోలో తీశావా అని అడుగుతారు. నేనేమో నవ్వి ఊరుకుంటాను, ట్యాంకు అని చెప్పను. ఇప్పుడు చెప్పేశాననుకోండి.

వెలుగు విషయంలో మా ఆయన పంచెలు ఉపయోగపడ్డంత ఇంకేవీ ఉపయోగపడలేదు. ఎనిమిది దాటితే మా మేడ మీద ఎండ కొరడాలా ఉంటుంది. రేకుల మీద తెల్లటి మరకలు, పక్కనే నల్లటి నీడలు. దండెం మీద పలచటి తెల్ల నూలు పంచె ఒంటి పొరగా ఆరేసి, దాని నీడలోకి కుండీ జరిపితే ఎండ కాస్తా మబ్బు పట్టిన వెలుగైపోతుంది. పంచె పువ్వుకి ఎంత దగ్గరగా ఉంటే నీడలు అంత మెత్తబడతాయి. నీడ మరీ ఎక్కువైన వైపు థర్మాకోల్ ముక్క నిలబెడతాను, పాత టీవీ డబ్బాలోది. కెమెరా మీదుండే ఫ్లాషు మాత్రం ఇంత దగ్గర్లో పనికిరాదు, లెన్సు నీడే పువ్వు మీద పడుతుంది.

అన్ని పువ్వులకీ మెత్తటి వెలుగు నప్పదు. శంఖుపువ్వుని సూర్యుడికి అడ్డంగా పెట్టుకుని వెనకనుంచి వెలుగొచ్చేలా చూడండి. నీలం రేకులో ఈనెలన్నీ పైకి తేలతాయి. లెన్సులోకి నేరుగా ఎండ దూరకుండా అరచెయ్యి అడ్డుపెట్టాలి, లేకపోతే ఫొటో అంతా సున్నం నీళ్లలా వెలిసిపోతుంది. ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో నీడ. ఈ భంగిమలో నన్ను పక్క మేడ మీంచి చూసినవాళ్లు సూర్యనమస్కారాలు అనుకుని ఉంటారు.

ఎరుపు నన్ను బాగా ఏడిపించింది. పోయినేడాది శ్రావణంలో ఒక మందారం ఫొటో ముచ్చటపడి 12 బై 18 సైజులో ప్రింటుకిచ్చాను. వచ్చింది చూస్తే రేకుల మీద ఒక్క గీత లేదు. ఎర్ర పెయింటు పులిమిన అట్టలా ఉంది. డబ్బులిచ్చిన మనిషిని కదా, స్టూడియోకి వెళ్లి నాలుగు మాటలు అన్నాను. అక్కడి కుర్రాడు ఏమీ అనకుండా నా ఫైలే తెరిచి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు హిస్టోగ్రాములూ విడివిడిగా చూపించాడు. ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫులవి, ఎడమ చివర చీకటి, కుడి చివర వెలుగు. ఆకుపచ్చ, నీలం ఎడమవైపు బుద్ధిగా కూర్చున్నాయి. ఎరుపు ఒక్కటే కుడి గోడకి గుద్దుకుని నిలబడిపోయింది. "రేకుల మీద గీతలు కెమెరాలోనే పోయాయండి మేడమ్, ప్రింటులో నేనెక్కడినుంచి తేనండి" అన్నాడు. సారీ చెప్పి, ఇంకో ప్రింటు కూడా వేయించుకుని వచ్చాను, సిగ్గుతో.

మామూలు హిస్టోగ్రాములో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, అక్కడే మోసపోయాను. ఇప్పుడు ఎర్ర మందారానికి ఎక్స్‌పోజర్ స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గిస్తాను, ఒక్కోసారి స్టాపు మొత్తం. ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది. రంగుల హిస్టోగ్రాము చూస్తాను. రా ఫైలుగా, అంటే కెమెరా తనంతట తాను సర్దని ఫైలుగా తీస్తాను. నందివర్ధనానికి సరిగ్గా తిరగేసి చేయాలి. ఫ్రేము నిండా తెలుపు కనబడితే కెమెరా దాన్ని బూడిదరంగు చేయాలని చూస్తుంది, ఉతకని బట్టలా తీస్తుంది. అక్కడ ఒక స్టాపు దాకా పెంచుతాను.

గాలి గురించి చెప్పకపోతే ఇదంతా పుస్తకాల కబురు అవుతుంది. అసలు సినిమా కుండీ ముందు కూర్చున్నాక మొదలవుతుంది. ఆటో ఫోకస్ ఇంత దగ్గర్లో ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది, పువ్వు ఈలోపు ఊగిపోతుంది. నేను ఆటో ఆపేసి, రింగు ఒకచోట పెట్టేసి ఇక ముట్టుకోను. మోచేతులు పెయింటు డబ్బా మీద ఆనించి, ఊపిరి సగం వదిలి, నేనే రవ్వంత ముందుకి వంగుతాను. గుండ్ల మీద నూగు కళ్లముందు తేరగానే వరసగా ఐదారు తీసేస్తాను, వాటిలో ఒకటి దక్కుతుంది. గాలి మరీ ఎక్కువగా ఉంటే కొబ్బరి చీపురు పుల్ల కుండీలో గుచ్చి, కాడని బట్టల క్లిప్పుతో దానికి ఆనిస్తాను. మళ్లీ ఆ నీలం క్లిప్పే. ట్రైపాడ్ వాడే రోజున లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పదింతలు పెద్దది చేసి చూసి, రెండు సెకన్ల టైమరు పెట్టి చేతులు తీసేస్తాను.

ఫోకస్ స్టాకింగ్ కూడా చేసి చూశాను. ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఒకే పువ్వుని పన్నెండు ఫొటోలు తీసి, హెలికాన్ ఫోకస్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలిపితే ముందునుంచి వెనకదాకా అంతా తేరుతుంది. ఒక చామంతికి ఆదివారం పొద్దంతా పట్టింది. గొప్పగానే వచ్చింది. కానీ చూస్తే విత్తనాల ప్యాకెట్టు మీద బొమ్మలా ఉంది. అత్తయ్యగారి ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. నగలు, నాణేలు తీసేవాళ్లకి అది అవసరమేమో, నాకు పప్పుబద్ద మందమే బాగుంది.

డిసెంబర్, జనవరిల్లో ఆదివారాలు కడియపులంక వెళ్తాను. మాకు దగ్గరే, హైవే పక్కన కనుచూపు మేర నర్సరీలు. ఫొటోలు తీసుకోవచ్చా అని ఓనరుని అడిగి, పని జరిగే వైపు అడ్డం రాకుండా ఉంటే ఎవరూ కాదనరు. అక్కడ నేను నేర్చుకున్నది షేడ్ నెట్, అంటే మొక్కలకి నీడ కోసం కట్టే వల సంగతి. ఆకుపచ్చ నెట్టు కింద తెల్ల గులాబీని తీస్తే దొండకాయ రంగులో వస్తుంది. మన కన్ను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. ఇప్పుడు పర్సులో తెల్ల కాగితం మడిచి పెట్టుకుంటాను. నెట్టు కింద ముందు ఆ కాగితాన్ని ఒక ఫొటో తీసి, దాన్నిబట్టి తెలుపు తెలుపుగానే వచ్చేలా వైట్ బ్యాలెన్స్ పెట్టుకుంటాను. అక్కడ మొక్కలకి నీళ్లు పట్టే ఆవిడ ఒకసారి నన్ను చూసి, "ఆ పువ్వు నిన్నటిదండి, రేపు రాలిపోద్ది. ఇటు రండి, ఇది ఇప్పుడే కళ్లు తెరిచింది" అని వెనక వరసలోకి తీసుకెళ్లారు. రేకు అంచున మడత పడని పువ్వు, గీత పడని పువ్వు ఎలా ఎంచుకోవాలో ఆవిడకి తెలిసినట్టు నాకు ఇప్పటికీ తెలీదు. దగ్గర ఫొటోలో రేకు మీద చిన్న గాటు కూడా పాత గోడ మీద పగులంత కనిపిస్తుంది మరి.

ఫోనుతో తీసే పిల్లలకి ఒక్క మాట. చవక ఫోన్లలో మాక్రో అని విడిగా ఇచ్చే రెండు మెగాపిక్సెల్ కెమెరాని మర్చిపోండి. మెయిన్ కెమెరాతో కాస్త వెనక్కి జరిగి, స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు స్లైడరు కొంచెం కిందికి లాగి తీసి, తర్వాత కత్తిరించుకోండి. మరీ దగ్గరకెళితే ఫోను నీడే పువ్వు మీద పడుతుంది.

పారిజాతానికి నాకు ఈ హడావుడి ఏదీ లేదు. అది రాత్రి పూసి తెల్లారేసరికి తనంతట తనే రాలుతుంది, కోసేవాళ్లతో పోటీ లేదు. పక్కవాళ్ల చెట్టు, పూలు మా వాకిట్లో. చాప పరుచుకుని బోర్లా పడుకుని, కెమెరాని నేలకి ఆనించి తీస్తాను. కొన్ని పూలు బోర్లా పడి నారింజరంగు కాడ ఆకాశంలోకి పెట్టుకుని ఉంటాయి. నాకు అవే ఇష్టం. నిలబడి చూసేవాళ్లకి ఆ కాడ చుక్కలా కనిపిస్తుంది, పడుకున్నవాళ్లకి మాత్రం స్తంభం.

నిన్న పొద్దున్న లేవడం ఆలస్యమైంది. పరీక్ష పేపర్లు దిద్ది పడుకునేసరికి పన్నెండు దాటింది. పరుగెత్తుకుని మేడ ఎక్కేసరికి అత్తయ్యగారు అప్పటికే పైనున్నారు, సజ్జ నిండిపోయింది. పోయిందనుకున్నాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా ట్యాంకు వైపు చూపించారు. ఆ కొమ్మకున్న ఒక్క మందారం వదిలేశారు. దాని ఎదురుగా పెయింటు డబ్బా కూడా ఎవరో జరిపి పెట్టారు. కాడ సరిగ్గా తూర్పుకి అడ్డంగా ఉంది. గుండ్ల కింద ఒక గండుచీమ, కేసరాల మధ్య దారి వెతుక్కుంటోంది. ఎఫ్ 8. మోచేతులు ఆనించాను. చీమ ఆగినప్పుడల్లా రెండేసి తీశాను.

"అయిందా? కోసుకోనా?" అన్నారు వెనకనుంచి.

"ఇంకో రెండండీ అత్తయ్యగారూ, చీమ ఇటు తిరగనివ్వండి."